భక్తికి ఇరవై మార్కులు

మా పాలమూరు పల్లెల్లో భజన పోటీ పెట్టినప్పుడు న్యాయనిర్ణేత చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో మామూలుగా ఐదు గడులుంటాయి. శ్రుతి, తాళం, సాహిత్యం, అందరూ కలిసి పాడిన తీరు, చివరగా భక్తిభావం. గడికి ఇరవై చొప్పున మొత్తం వంద మార్కులు. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, చిన్నప్పటి నుంచి హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నవాణ్ణి కూడా. అందుకని మా గోపాల్‌పేటలోనే కాక రేవల్లి, ఘనపురం, బిజినేపల్లి వైపు ఎక్కడ పోటీ పెట్టినా నాకు కబురొస్తుంది. శాలువా కప్పుతారు, టీ ఇస్తారు, కాగితం చేతిలో పెడతారు. మొదటి నాలుగు గడులు నింపడం కష్టమే అయినా చేయగలిగిన పని. ఐదో గడి నింపడం నా వల్ల కాదు. మనిషి పుట్టుక పుట్టిన ఎవరి వల్లా కాదని నా అభిప్రాయం. ఆ గడి కొట్టేయమని కొన్నేళ్లుగా అడుగుతున్నాను. అడిగిన ప్రతిచోటా నన్ను నాస్తికుణ్ణి చూసినట్టు చూస్తారు.

"అది తీసేస్తే ఇంకేం మిగుల్తది సారూ? గది భజన గాదు, రికార్డింగ్ డ్యాన్సయితది" అన్నాడు ఒక ఊరి నిర్వాహకుడు. ఆయన భయం ఉత్తది కాదు. మైకు పట్టుకుని ఊగిపోతూ, కెమెరా ఎటుంటే అటు తిరిగి పాడే సమాజాలను ఆయనా చూశాడు, నేనూ చూశాను. అలాంటివాళ్లను ఆపడానికి ఆ గడి ఒక కంచె అని ఆయన నమ్మకం. కానీ ఆ కంచె ఎవరిని ఆపుతోందో ఒక నవమి నాటి రాత్రి నేను దగ్గరగా చూశాను.

ఆ రోజు పోటీలో ఉన్న సమాజాల్లో రెండింటి సంగతి చెబుతాను. మొదటిది మగవాళ్ల సమాజం. ముంబై మట్టిపనికి పోయి పండక్కి తిరిగొచ్చినవాళ్లు అందులో సగం మంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక వలసలు తగ్గాయి గానీ అలవాటుపడిన ముఠాలు ఇంకా పోతూనే ఉన్నాయి. వాళ్ల హార్మోనియంలో పంచమం మెట్టు ఒకటి కిందికి దిగితే పైకి లేవదు, మోగుతూనే ఉంటుంది. వాయించే ఆయన ఆ మెట్టు నొక్కిన ప్రతిసారీ చిటికెన వేలి గోరుతో దాన్ని పైకి లేపి, అదే ఊపులో తర్వాతి స్వరానికి పోతున్నాడు. చూస్తే తప్ప తెలియదు. వింటే మాత్రం ఎక్కడో చిన్న ఈగ వాలినట్టు పంచమం కాస్త ఎక్కువసేపు నిలబడుతోంది. మన్యంకొండ హనుమద్దాసు కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. రెండో చరణంలో ముందు పాడే పెద్దాయనకు గొంతు పూడుకుపోయింది, కళ్లనీళ్లు కారాయి. జనం గోవింద కొట్టారు.

రెండోది ఆడవాళ్ల సమాజం. పొదుపు సంఘం అప్పుల పుస్తకాలు రాసుకునే గుంపే సాయంత్రాలు కూర్చుని నేర్చుకుంది. ఐదున్నర శ్రుతికి పెట్టుకుని రామదాసు కీర్తన పాడారు. తాళాలు పట్టిన పది చేతులూ ఒక్క చేయిలా లేచాయి, ఒక్క చేయిలా దిగాయి. చాపు తాళంలో ఏడు లెక్కలను మూడూ నాలుగుగా విరిచే చోట సాధారణంగా ఊరి సమాజాలు తొందరపడతాయి. వాళ్లు పడలేదు. ఒక్కరి ముఖం కూడా కదల్లేదు. లెక్క తప్పుతుందేమోనన్న ధ్యాసలో కళ్లన్నీ ఢోలక్ మీదే ఉన్నాయి.

నా పక్కన కూర్చున్న న్యాయనిర్ణేత భక్తి గడిలో మగవాళ్లకు పద్దెనిమిది వేశాడు, ఆడవాళ్లకు తొమ్మిది. మిగతా గడులన్నీ కలిపితే ఆడవాళ్లు ఏడు మార్కులు ముందున్నారు. ఆ ఒక్క గడితో రెండు మార్కులు వెనకబడ్డారు.

మర్నాడు పొద్దున ఆ ఆడవాళ్ల పెద్ద మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. గొడవ పడలేదు. "సారూ, తాళమెక్కడ తప్పినమో చెప్పుండ్రి, దిద్దుకుంటం. భక్తెక్కడ తప్పిందో గూడ చెప్పుండ్రి, అదీ దిద్దుకుంటం" అంది. ఆ మార్కులేసిన ఆయన, "అమ్మా, అది చెప్పేది కాదు, చూస్తే కనిపిస్తుంది" అన్నాడు. "అయితే మీకు కనిపించేటట్టు ఏడ్వాల్నా సారూ?" అని అడిగిందావిడ. ఆయన దగ్గర జవాబు లేదు. నాకు తెలిసి ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా లేదు.

మార్కు వేసినవాడు ఆ మార్కుకు కారణం చెప్పగలగాలి. విన్నవాడు ఆ కారణం పట్టుకుని వచ్చే ఏటికి బాగుపడగలగాలి. ఈ రెండూ లేని మార్కు తీర్పు అనిపించుకోదు, అది ఇష్టం. మనిషి ఇష్టాయిష్టాలకు నేను వ్యతిరేకిని కాను. గుడి అరుగు మీద కూర్చుని "వాళ్ల పాట నా గుండెను తాకింది" అని ఎవరైనా అనొచ్చు. దానికి అంకె వేసి, వంద లోపల కలిపి, కప్పు ఎవరికివ్వాలో తేల్చేటప్పుడే చిక్కు.

ఈ చిక్కు కొత్తది కాదు. మన పురాణాల్లో దీనికి ఏకంగా వైకుంఠంలోనే ఒక వ్యాజ్యం నడిచింది. అద్భుత రామాయణంలో ఉంది ఆ కథ. పింగళి సూరన కళాపూర్ణోదయంలో దాన్ని తెలుగు చేసి తన కథలో అల్లుకున్నాడు. విష్ణువు సభలో తుంబురుడికి గానానికి గౌరవం దక్కింది. నారదుడికి కడుపు మండింది. లోకంలో భక్తికి పేరుపడ్డవాడు నారదుడు, భక్తిసూత్రాలు ఆయన పేరు మీదే ఉన్నాయి. అలాంటివాడికి పాట పోటీలో రెండో స్థానమే దక్కింది. అద్భుత రామాయణం ప్రకారం, తుంబురుడితో సమానుడివి కావాలంటే పోయి సంగీతం నేర్చుకొమ్మని ఆయన్ను పంపింది ఎవరి దగ్గరకనుకున్నారు? గానబంధు అనే గుడ్లగూబ దగ్గరకు. మహర్షి పోయి గూబ ముందు శిష్యుడిగా కూర్చున్నాడు. నేర్చుకున్నాను కదా అని తుంబురుణ్ణి ఓడించడానికి వెళితే, ఆయన ఇంటి దగ్గర అవయవాలు విరిగిన స్త్రీపురుషులు కనిపించారు. మీరెవరని అడిగితే, మేం రాగాలం, స్వరాలం, నారదుడు పాడినప్పుడు మాకీ గతి పట్టింది, తుంబురుడు పాడితే మళ్లీ బాగవుతాం అన్నారట. చివరికి కృష్ణావతారంలో జాంబవతి దగ్గర, సత్యభామ దగ్గర, రుక్మిణి దగ్గర నేర్చుకుంటే గానీ ఆయన విద్య పూర్తికాలేదు.

ఈ కథను అహంకారం వద్దని చెప్పే నీతికథగా హరికథల్లో చెబుతుంటారు. నాకు మాత్రం అందులో తీర్పు ఇచ్చిన తీరు మీద కన్ను పడుతుంది. ఎదురుగా ఉన్నది భక్తాగ్రేసరుడు. తీర్పరి సాక్షాత్తూ అంతర్యామి, లోపలున్నది చూడగలవాడు. అయినా భక్తి ఎక్కువ కదా అని నారదుడికి నాలుగు మార్కులు కలపలేదు. పాట తక్కువైంది కదా అని భక్తి తగ్గిందనీ అనలేదు. రెంటినీ రెండు లెక్కలుగా ఉంచి, పాటలో లోపం ఉంది, ఫలానా చోట నేర్చుకో అన్నాడు. ఓడినవాడి చేతికి కారణమూ ఇచ్చాడు, దారీ చూపించాడు. చూడగలిగిన దేవుడే కలపని గడిని, చూడలేని మనం కలుపుతున్నాం.

దేవుడు భక్తులను తూచనే తూచడా అని అడిగేవాళ్లుంటారు. తూచుతాడు. భగవద్గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను కొలిచేవాళ్లను నాలుగు రకాలుగా చెబుతాడు. ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోగోరేవాడు, సంపద కోరేవాడు, జ్ఞాని. వీళ్లలో జ్ఞాని తనకు అందరికంటే ఇష్టుడని కూడా అంటాడు. అంటే గ్రేడింగ్ ఉంది. కానీ ఆ వెంటనే నలుగురూ ఉదారులేనని చెప్పి మిగతా ముగ్గుర్నీ చేరదీసుకుంటాడు. పదిహేడో అధ్యాయంలో శ్రద్ధను, యజ్ఞాన్ని, తపస్సును, దానాన్ని సాత్వికం, రాజసం, తామసం అని మూడు తరగతులు చేస్తాడు. మెప్పు కోసం, ఆడంబరం కోసం చేసే తపస్సు రాజసమంటాడు. ఆ కొలత మైకు ముందు ఊగిపోయే సమాజానికి సరిగ్గా సరిపోతుంది. అయితే ఆ కొలత ఎవరి చేతికిచ్చాడన్నది చూసుకోవాలి. ఎవరికి వాళ్లు తమ పూజ ఎలాంటిదో పరీక్షించుకోవడానికి ఇచ్చాడు. అర్జునుడి చేతికి మార్కుల కాగితమిచ్చి పాండవ సేనలో ఎవరిది సాత్విక శ్రద్ధో తేల్చుకు రమ్మనలేదు.

పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో ముగ్ధ భక్తుల కథలున్నాయి. శివుడికి తల్లి లేదని జాలిపడి, తానే తల్లినని లాలపోసి, పాలు పట్టి, కాటుక పెట్టిన బెజ్జ మహాదేవి ఉంది అందులో. శాస్త్రం తెలిసిన పూజారి ఎవరైనా ఆమెకు నియమం గడిలో సున్నా వేస్తాడు. పైపై భక్తి చూసే మా న్యాయనిర్ణేత ఏమేస్తాడో నాకు తెలియదు. శివుడు ఏమిచ్చాడో సోమనాథుడు చెప్పాడు.

ఇంతవరకూ విన్నాక మా ఊళ్లో ఏకతార పట్టి తత్వాలు పాడే ఒక ముసలాయన ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన పోటీలకు రాడు. ఎవరింట్లో చావు జరిగినా రాత్రంతా కూర్చుని పాడతాడు, డబ్బులడగడు. "అయిదో గడి కొట్టేస్తానంటవు. మరి తతిమ్మ నాలుగెందుకు ఉంచుతవు సారూ? చావింట్ల భజనకు ఎవడన్నా మార్కులేస్తడా?" అన్నాడు.

ఇది నిర్వాహకుడి ప్రశ్నకంటే గట్టి ప్రశ్న. చావింట్లో రాత్రి రెండింటికి గొంతు జీరపోయి, తాళం జారి, నిద్ర కళ్లతో పాడే పాటను తప్పులు పట్టేవాడు మనిషే కాదు. అక్కడ పాట పని వేరు. ఆ ఇంటివాళ్లను తెల్లారేదాకా ఒంటరిగా వదలకుండా ఉంచడమే దాని పని. ఆ పనికి శ్రుతి ఒకటిన్నర అయితేనేం, తప్పితేనేం. అయితే ఆ రాత్రి పాడటానికి పదిమంది కావాలి గదా. వాళ్లెక్కడి నుంచి వస్తారు? నా చిన్నప్పుడు వాడకొక భజన సమాజం ఉండేది, శనివారం వచ్చిందంటే గుళ్లో దీపపు సెమ్మె చుట్టూ చోటు దొరికేది కాదు. ఇప్పుడు చాలా ఊళ్లలో పెన్‌డ్రైవ్ పాడుతోంది. కుర్రాళ్లు హైదరాబాదులో ఉన్నారు. ఉన్న ఒకరిద్దరూ ఊరికే నేర్చుకోమంటే రారు, పోటీ ఉందంటే నెల ముందు నుంచీ వచ్చి కూర్చుంటారు. తబలా గట్లు సుత్తితో కొట్టి శ్రుతి కలపడం ఎలాగో, చరణం అయ్యాక పల్లవిని ఎక్కడ అందుకోవాలో ఆ నెల రోజుల్లోనే ఒకరి నుంచి ఒకరికి చేరుతోంది. ముసలాయన కాదన్న పోటీయే ఆయన పక్కన కూర్చునేవాళ్లను తయారుచేస్తోంది. ఈ మాట ఆయనతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, బీడీ ముట్టించుకుని "కానీయ్" అన్నాడంతే.

పోటీ తప్పదనుకున్నాక దాన్ని న్యాయంగా నడపడమే మన చేతిలో ఉన్న ధర్మం. ఇక్కడ నాకు అనుకోని చోటి నుంచి సాయమొచ్చింది. నా పాత విద్యార్థి ఒకడు గ్లాస్గోలో చదువుకుంటూ అక్కడి పైపు బ్యాండు పోటీ వీడియో పంపాడు. ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ అనే మైదానంలో ప్రపంచ పోటీ జరుగుతుంది. పైపు బ్యాండు అంటే మన పోలీసు పరేడుల్లో తోలుసంచి చంకన పెట్టుకుని వాయించేదే. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం ఊదిన మేకతోలు తిత్తికి దూరపు చుట్టం. మొదట చూడగానే నన్ను ఆకట్టుకుంది వాళ్లు నిలబడే తీరు. మైదానంలోకి నడిచి వచ్చి, గుండ్రంగా నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూస్తూ వాయిస్తారు. జనానికి కనిపించేది వాళ్ల వీపులే. సెమ్మె చుట్టూ తిరిగే మన పాత భజన కూడా అంతే. మనం స్టేజీ వేసి అందర్నీ జనం వైపు తిప్పి కూర్చోబెట్టాక గదా ముఖంలో భక్తి వెతకడం మొదలైంది!

అక్కడి నియమాలు చూసేది రాయల్ స్కాటిష్ పైప్ బ్యాండ్ అసోసియేషన్, 1930లో పుట్టిన సంస్థ. పెద్ద పోటీల్లో నలుగురు న్యాయనిర్ణేతలు వింటారు. ఇద్దరు పైపులనే వింటారు, ఒకరు డ్రమ్ములనే, ఒకరు మొత్తం మేళం కలిసిన తీరును. ఒకే మనిషి అన్నీ వినబోయి దేన్నీ సరిగా వినని మన పద్ధతికి ఇది మేలు. మనకూ ఒకరు గొంతులు, ఒకరు తబలా తాళాలు, ఒకరు కలిసికట్టు వింటే చాలు. పై తరగతి బ్యాండ్లు రెండు వరుసలు సిద్ధం చేసుకుని రావాలి. ఏది వాయించాలో అక్కడికక్కడ చీటీ తేల్చుతుంది. ఒక్క కీర్తననే ఆరు నెలలు నూరి వచ్చే సమాజాలు మనకూ ఉన్నాయి కాబట్టి ఇది నాకు నచ్చింది.

అన్నిటికంటే పనికొచ్చేది లెక్క. వాళ్లు అందరి మార్కులూ కూడరు. ఒక్కో న్యాయనిర్ణేత ఎవరు ఒకటో స్థానం, ఎవరు రెండో స్థానం అని వరుస రాస్తాడు, ఆ స్థానాలను కూడతారు. తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఇందులో న్యాయమేముందో మా వాళ్లకు సుద్దముక్కతో గోడ మీద చూపించాల్సి వచ్చింది. ముగ్గురు న్యాయనిర్ణేతలున్నారనుకోండి. మొదటాయన క సమాజానికి 62, గ సమాజానికి 60 వేశాడు. రెండో ఆయన 61, 60. ఇద్దరికీ క నచ్చింది. మూడో ఆయనది పెద్ద చెయ్యి, క కు 40, గ కు 85. కూడితే క కు 163, గ కు 205. ఇద్దరి మాటను ఒక్కడు కొట్టేశాడు, అదీ అంకెలు దూరదూరంగా వేసినందుకే. స్థానాలు కూడితే క కు నాలుగు, గ కు ఐదు, క గెలుస్తుంది. స్థానాల మొత్తం సమమైతే మేళం మొత్తాన్ని విన్న న్యాయనిర్ణేత మాట చెల్లుతుంది. ఈ పద్ధతిలోనూ లొసుగుంది. మూడో సమాజం ఒకటి మధ్యలో దూరితే మొదటి రెంటి వరుస తారుమారయ్యే వీలుంది. అయినా ఒక్కడి చేతివాటం తగ్గుతుంది. పోటీ అయ్యాక న్యాయనిర్ణేతలు రాసిన వ్యాఖ్యల కాగితాలు బ్యాండ్లకు ఇచ్చేస్తారు. మా ఆడవాళ్ల పెద్ద అడిగింది ఇదే గదా.

బ్యాండ్లను వాళ్లు తరగతులు చేస్తారు. ఒకటో గ్రేడు, రెండు, మూడులో ఏ, బీ, నాలుగులో ఏ, బీ, పిల్లలకు వేరే. ఏటా ఫలితాలను బట్టి పైకి పంపుతారు, కిందికి దించుతారు. మన దగ్గర నిన్న తాళం పట్టుకున్నవాళ్లనూ, నలభై ఏళ్లుగా పాడుతున్నవాళ్లనూ ఒకే వరుసలో కూర్చోబెడతారు. ఆ పాత సమాజాలే ఏటా కప్పులు పట్టుకుపోతుంటే కొత్తవాళ్లు రెండేళ్లు చూసి మానేస్తారు. అందుకని మనమూ గ్రేడ్లు పెడదామని ఒక మీటింగులో అన్నాను.

నేను ఊహించని మూల నుంచి అడ్డు వచ్చింది. ఒకప్పుడు గుడి బయట గడప దగ్గర నిలబడి భజన చేయాల్సి వచ్చిన వాడకు చెందిన సమాజం ఒకటుంది. దాని నాయకుడు లేచి, "ఇప్పుడిప్పుడే లోపలికొచ్చి అందరితోటి కూసుంటున్నం సారూ. మళ్లీ మమ్ముల కింది మెట్టు మీద కూసోబెడ్తవా?" అన్నాడు. మీటింగు చల్లబడిపోయింది.

ఆయన అన్నది గ్రేడు గురించి కాదు, ఈ దేశంలో మెట్లన్నీ ఎలా వచ్చాయో దాని గురించి. నాలుగు వర్ణాలు గుణాన్ని, కర్మను బట్టి అని గీత చెప్పిందంటూ ఉపన్యాసాలిచ్చినవాళ్లే ఆఖరికి పుట్టుకకు మార్కులేశారు. ఆ చరిత్ర తెలిసినవాడు తరగతి అన్న మాట వినగానే ఉలిక్కిపడటంలో తప్పు లేదు. ఆయనకు నేను చెప్పింది ఇది. పుట్టుకతో వచ్చిన మెట్టు సాధనతో మారదు, అందుకే అది అన్యాయం. ఈ మెట్టు సాధనతో మారి తీరాలి. ఏటా మారకపోతే, పై సమాజం కిందికి దిగే వీలు లేకపోతే, నేనే దాన్ని చించేస్తాను. కప్పు సైజూ, బహుమతి డబ్బూ అన్ని గ్రేడ్లకూ ఒకటే ఉండాలి. గ్రేడు ఏదైనా సమాజం పాడే చోటు ఒకటే, గర్భగుడి ఎదుట. ఆయన ఆ మూడు షరతులూ మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకం చేశాకే కూర్చున్నాడు. నియమం రాసుకోవడమంటే ఏమిటో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

పేరు, ఊరు, కులం న్యాయనిర్ణేత చెవిన పడకుండా చూడటం ఇంకో పెద్ద పని. ఆకాశవాణి ఈ దారిలో కొంత నడిచింది. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో కళాకారులకు ఆడిషన్లు గట్టిగా పెట్టారు. బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడ్లు. పెద్ద విద్వాంసులు మాకు పరీక్షేమిటని అలిగారు. పేరు చెప్పకుండా రికార్డు వినిపించి తేల్చే పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గది. మన దగ్గర అనౌన్సరు మైకులో "ఇప్పుడు ఫలానా సర్పంచుగారి ఊరి సమాజం" అంటాడు. ఆ ఒక్క వాక్యం ఆపించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చీటీ తీసి నంబరు ఇవ్వాలి, నంబరుతోనే పిలవాలి. స్టీలు గ్లాసులో చీటీలు అందరి ముందూ వేయాలి, చిన్న పిల్లతో తీయించాలి. ఊరు చిన్నది, గొంతు విని గుర్తుపడతారనేది నిజమే. అయినా చేయాలి.

అదే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని రేడియోలో నిషేధించింది. గమకాలు పలకదన్నది ఒక కారణం. శాస్త్రీయ సంగీతం వైపు నుంచి ఆ మాటలో సత్యముంది. కానీ పల్లెల్లో భజన మొత్తం ఆ పెట్టె మీదే నిలబడి ఉంది. తీర్పు చెప్పేవాడి రుచి నియమంగా మారితే ఎలా ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది. మన పోటీల్లో సినిమా బాణీ పాడితే అనర్హత అని ఒక నియమం ఉంది. పాత భజన పుస్తకాలు తిరగేయండి, కీర్తన మీద "ఫలానా పాట మట్టు" అని అచ్చేసి ఉంటుంది. నాటకాల పద్యాల వరుసలు, జావళీల వరుసలు ఎన్ని గుళ్లోకి రాలేదు! బాణీ ఎక్కడిదన్నది నాకు పట్టింపు లేదు, సాహిత్యం దాంట్లో ఒదిగిందా, మాటలు విరిగాయా అన్నది చూడాలి. సాహిత్యం గడిలో కూడా అచ్చు పుస్తకమే ప్రమాణమనే వాళ్లతో నాకు పేచీ ఉంది. నాగర్‌కర్నూలులో ఉండి ఈ ప్రాంతపు సాహిత్యాన్ని శ్రద్ధగా పోగుచేసిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) లాంటివాళ్లు జనం నోటి నుంచి కూడా వినబట్టే చాలా సంగతులు మనకు మిగిలాయి. ముసలమ్మ పాడిన పాఠం పుస్తకానికి తేడాగా ఉంటే, తప్పు పుస్తకానిదీ కావచ్చు.

మా నేల తీర్పులకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, మా గోపాల్‌పేట, ఇన్ని సంస్థానాలు కవులను పిలిచి పరీక్షించి సత్కరించిన చోటు ఇది. తిరుపతి వేంకట కవులు ఈ దారుల్లో తిరిగినవాళ్లే. అలాంటి నేల మీదే, తెలంగాణలో కవులు లేరన్న తీర్పు ఒకటి వచ్చి పడింది. ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి దానికి వాదనతో కాక 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చాడు, 354 మంది కవులతో. ఆ తర్వాత 1952లో ఆయన మా వనపర్తి నుంచే శాసనసభకు గెలిచాడు. ఆ సంచికలో పెద్ద కవులూ ఉన్నారు, నాలుగు పద్యాలు రాసినవాళ్లూ ఉన్నారు. వినకుండా వేసిన సున్నాకు అది జవాబు. సమాజం పాడుతుండగా ఫోను మాట్లాడే న్యాయనిర్ణేతలను చూసినప్పుడల్లా నాకా సంచిక గుర్తొస్తుంది. వాళ్లు కూడా చివర్లో భక్తి గడి మాత్రం ఖాళీ ఉంచరు. అది నింపడానికి వినాల్సిన పనిలేదు మరి.

నిర్వాహకుడి భయం దగ్గరకు వస్తాను. కెమెరా వైపు ఊగేవాళ్లను ఎలా ఆపడం? భక్తి తక్కువని చెప్పి ఆపనక్కర్లేదు. స్టేజీ తీసేసి సెమ్మె పెట్టండి, గుండ్రంగా కూర్చోబెట్టండి, మైకు ఒక్కటే మధ్యలో పెట్టండి. ముందు పాడేవాడి గొంతు మిగతావాళ్లను మింగేస్తే కలిసికట్టు గడిలో మార్కులు తగ్గించండి, ఎందుకు తగ్గించారో రాసివ్వండి. సమయం దాటితే గంట కొట్టండి, ఎవరికైనా సరే. అప్పుడు లోపల భక్తి ఉందా లేదా అన్నది పాడేవాడికీ పైవాడికీ మధ్య సంగతిగా మిగులుతుంది. ఇద్దరి మధ్యా మూడో మనిషి కాగితం పట్టుకుని కూర్చోడు.

శ్రీరామనవమికీ, హనుమజ్జయంతికీ, వైకుంఠ ఏకాదశికీ పోటీలు పెట్టే పెద్దలకు నా మనవి. నన్ను పిలిచేటట్లయితే మార్కుల కాగితం నమూనా వారం ముందు పంపండి. నాలుగు గడులుంటే బస్సు చార్జీ కూడా అడగకుండా వస్తాను. ఐదో గడి ఉంటే పాట వినడానికి వస్తాను, జనంలో కూర్చుంటాను, పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి వస్తాను.